వెబ్ పేజీలో ఫుట్‌నోట్లు: కంటితో చదివేవాళ్లకీ చెవితో చదివేవాళ్లకీ ఎట్టా పెట్టాలి?

#1 · పెన్నాగట్టు · నెల్లూరు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల స్థానిక చరిత్ర మీద వ్యాసాలు వెబ్‌లో పెడుతున్నాం. ఒక్కో వ్యాసానికి తక్కువలో తక్కువ ఇరవై ఫుట్‌నోట్లు ఉంటాయి. శాసనం ఎక్కడ దొరికింది, ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉంది, పాత కొలత ఇప్పటి లెక్కలో ఎంత లాంటివి. సైటు హ్యూగోతో (మార్క్‌డౌన్ అనే తేలిక గుర్తులతో రాసిన ఫైళ్లనుంచి పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) కట్టింది. పాత వ్యాసాల్లో మాత్రం చేత్తో కొట్టిన హెచ్‌టీఎంఎల్: సప్ ట్యాగ్‌లో అంకె, అడుగున అదే అంకెతో ఒక పేరా. లింకులు లేవు.

స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీది అక్షరాల్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో, వినేవాళ్లకి ఇది పనికిరావడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఏది మార్చాలి, ఏ వరుసలో మార్చాలి? అంకె నొక్కితే అక్కడే చిన్న పెట్టెలో గమనిక తెరుచుకునేట్టు పెడితే మేలా, అడుగునే ఉంచితే మేలా?

#2 · చెవిచదువరి · కావలి

ముందు మీ పాత పేజీ చెవికి ఎట్టా వినపడుతుందో చెప్తాను. మీ వ్యాసంలో "ప్రకాశం జిల్లా అని పేరు మార్చిన సంవత్సరం 1972" అని ఉంది, దాని నెత్తిన 3 అనే అంకె. సప్ అనేది కంటికి మాత్రమే పైకెక్కుతుంది. నేను వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ మామూలు అమరికలో "ఇది పైన రాసిన అంకె" అని చెప్పదు. అందుకని "19723" అని ఒకే సంఖ్యగా చదివేస్తుంది. చరిత్ర వ్యాసంలో సంవత్సరం తప్పు వినపడితే ఇంకేముంది సామీ.

మాట పక్కన అంకె ఉంటే అంత నష్టం లేదు, "కోట 4" అని వినపడి ఏదో అనుకుంటాం. సంవత్సరం, కొలత, పద్య సంఖ్య పక్కన వస్తే మాత్రం అర్థమే మారుతుంది. కాబట్టి పాత వ్యాసాల్లో మొదట పట్టుకోవాల్సింది అంకె పక్కన అంకె ఉన్న చోట్లు.

అది లింకు అయితే రీడర్ మధ్యలో "లింక్" అని చెప్పి విడదీస్తుంది: "1972, లింక్, 3". జాస్ అనే ఇంకో రీడర్ అయితే అదే పేజీలోకి వెళ్లే లింకు అని కూడా చెప్తుంది. సగం సమస్య లింకు పెట్టడంతోనే పోతుంది.

మిగిలిన సగం: లింకుల జాబితా తెరిస్తే (ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే వస్తుంది) "1, 2, 3, 4..." అని ఒట్టి అంకెలు. అవి పేజీ నంబర్లా, ఫుట్‌నోట్లా, ఫొటో వరసలా ఎవరికి తెలుసు?

#3 · ఒంగోలు_కోడ్ · ఒంగోలు

ఈ ఫోరంలో తెలుగు గొంతుతో వినేవాళ్లు ఉన్నారు కాబట్టి కోడ్ ముక్కల్ని పలికినట్టే తెలుగులో రాస్తున్నా. ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకోవాలి.

హెచ్‌టీఎంఎల్‌లో ఫుట్‌నోట్ కోసం ప్రత్యేకంగా ఒక ట్యాగ్ లేదు. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 3.0 ముసాయిదాలో ఎఫ్ఎన్ అని ఒకటి ఉండేది, ఆ ముసాయిదాతోనే పోయింది. ఉన్న సరుకుతోనే కట్టుకోవాలి. కట్టే పద్ధతి ఇది.

వ్యాసంలో: సప్ ట్యాగ్, దాని లోపల లింకు పెట్టే "ఏ" ట్యాగ్ (ఇంగ్లీషు అక్షరం ఏ). ఏ ట్యాగ్‌కి రెండు విషయాలు ఉండాలి: హెచ్‌రెఫ్ అడుగున ఉన్న గమనిక ఐడీకి, సొంత ఐడీ తిరిగి రావడానికి. ఐడీని సప్‌కి ఇవ్వొద్దు, ఏ ట్యాగ్‌కే ఇవ్వండి. అప్పుడు వెనక్కి వచ్చినప్పుడు కీబోర్డ్ ఫోకస్ సరిగ్గా ఆ లింకు మీదే పడుతుంది. సప్ మీద పెడితే పడదు.

ఏ ట్యాగ్ లోపల: కంటికి కనపడని స్పాన్‌లో "గమనిక" అనే మాట, ముందూ వెనకా ఖాళీతో. ఆ తర్వాత అంకె. అప్పుడు "1972, లింక్, గమనిక 3" అని వినపడుతుంది. లింకుల జాబితాలో కూడా "గమనిక 3" అనే కనపడుతుంది.

అడుగున: సెక్షన్ ట్యాగ్, లోపల "గమనికలు" అనే హెచ్2 శీర్షిక, ఓఎల్ జాబితా, ప్రతి గమనికా ఒక ఎల్ఐ. ఎల్ఐకి ఐడీ. గమనిక చివర వెనక్కి వెళ్లే లింకు.

రోల్స్ విషయం. ఆరియా అంటే పేజీలో ఏ ముక్క ఏ పని చేస్తుందో స్క్రీన్ రీడర్లకి చెప్పే గుర్తులు, ఆ పని పేరే రోల్. డిజిటల్ ప్రచురణ కోసం ఆరియాలో విడిగా రోల్స్ ఉన్నాయి, 2017 డిసెంబరులో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) సిఫార్సుగా వచ్చాయి. వ్యాసంలోని లింకుకి డాక్-నోట్‌రెఫ్, అడుగు సెక్షన్‌కి డాక్-ఎండ్‌నోట్స్, వెనక్కి లింకుకి డాక్-బ్యాక్‌లింక్. చాలా రీడర్లు డాక్-నోట్‌రెఫ్‌ని మామూలు లింకుగానే చదువుతాయి, నష్టమేమీ లేదు. డాక్-ఎండ్‌నోట్స్ మాత్రం ల్యాండ్‌మార్క్ (రీడర్‌తో నేరుగా దూకగలిగే పేజీ భాగం) అవుతుంది, కాబట్టి దానికి పేరు ఉండాలి: ఆరియా-లేబుల్డ్‌బై పెట్టి హెచ్2 ఐడీని చూపించండి.

ఎల్ఐకి ఏ రోలూ ఇవ్వొద్దు. డాక్-ఫుట్‌నోట్ అని ఎల్ఐకి తగిలిస్తే అది జాబితాలో అంశంగా ఉండటం మానేస్తుంది. "26 అంశాల జాబితా" అని వినపడాల్సింది పోతుంది. డాక్-ఎండ్‌నోట్ అని ఇంకొకటి ఉండేది, 1.1 వెర్షన్‌లో దాన్ని వాడొద్దన్నారు. కాబట్టి ఎల్ఐని ఎల్ఐగానే వదిలేయండి.

#4 · సింగరాయకొండ · ప్రకాశం

కనపడని స్పాన్ దేనికి? ఆరియా-లేబుల్ ఒకటి పెడితే అయిపాయె గదా.

#5 · ఒంగోలు_కోడ్ · ఒంగోలు

పనిచేస్తుంది. నాకు స్పాన్ ఎందుకు నచ్చుతుందంటే, సీఎస్ఎస్ లోడ్ కాకపోయినా, రీడర్ మోడ్‌లో తెరిచినా "గమనిక 3" అని మాట మిగులుతుంది. ఆరియా-లేబుల్ కంటికి ఎప్పుడూ కనపడదు కాబట్టి పాతబడినా ఎవరూ పట్టుకోరు. మధ్యలో ఒక గమనిక చేర్చి అంకెలు జరిగాక లేబుల్లో పాత అంకె ఉండిపోయిన పేజీలు బోలెడు.

ఆరియా-లేబులే కావాలంటే ఒక షరతు. కంటికి కనపడే అంకె లేబుల్లో కూడా ఉండాలి. "మూలం చూడండి" అని మాత్రమే పెడితే గొంతుతో ఫోన్ నడిపేవాళ్లు "3 నొక్కు" అన్నప్పుడు అది దొరకదు.

స్పాన్‌ని దాచే సీఎస్ఎస్: పొజిషన్ అబ్సల్యూట్, వెడల్పూ ఎత్తూ 1 పిక్సెల్, ఓవర్‌ఫ్లో హిడెన్, క్లిప్-పాత్ ఇన్‌సెట్ 50%, వైట్-స్పేస్ నోర్యాప్. డిస్‌ప్లే నన్ పెడితే చెవికి కూడా పోతుంది. యూజర్-సెలెక్ట్ నన్ కూడా చేర్చండి, లేకపోతే పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినవాళ్లకి "1972 గమనిక 3" అని మధ్యలో మాట వచ్చి పడుతుంది.

#6 · చెవిచదువరి · కావలి

వెనక్కి వెళ్లే లింకు గురించి. అందరూ ↩ అనే మడత బాణం పెడతారు. ఒక్కో రీడర్ దాన్ని ఒక్కోలా చదువుతుంది, ఒక్కోటి అసలు పలకదు. 26 గమనికలుంటే 26 బాణాలు, అన్నీ ఒకే మాట. ఒక్కోదానికీ విడి పేరు ఉండాలి: "3వ గమనిక నుంచి వ్యాసంలోకి". బాణాన్ని ఆరియా-హిడెన్ ట్రూ చేసి పక్కన దాచిన స్పాన్‌లో ఈ మాట పెట్టండి.

"పైకి" అని మాత్రం రాయొద్దండి. పేజీ మొదటికి వెళ్తుందేమో అని భయపడి ఎవరూ నొక్కరు.

బాణం తర్వాత యూనికోడ్‌లో ఎఫ్ఈ0ఈ అనే వేరియేషన్ సెలెక్టర్ చేర్చాలి. లేకపోతే కొన్ని ఫోన్లలో నీలం డబ్బాలో ఎమోజీ అయి కూర్చుంటుంది.

#7 · కీబోర్డ్_కందుకూరు · కందుకూరు

వెనక్కి లింకు అసలు అవసరమా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, బ్రౌజర్‌లో ఆల్ట్, ఎడమ బాణం నొక్కితే వెనక్కి పోవచ్చు గదా అని. పోవచ్చు. స్క్రోల్ తిరిగొస్తుంది, ఫోకస్ అదే లింకు మీదికి వస్తుందన్న హామీ మాత్రం లేదు. పైగా వ్యాసం మొత్తం చదువుకుంటూ అడుగుకి దిగినవాళ్లకి వెనక్కి పోవడానికి బ్రౌజర్ హిస్టరీలో ఏముంటుంది? వాళ్లకి "ఈ గమనిక ఏ వాక్యానికి చెందింది" అని చూసుకోవడానికి ఆ లింకే దారి.

అడుగుకి దూకేటప్పుడు చెడిపోయే చోట్లు నాలుగు.

ఒకటి, పైన అతుక్కుని ఉండే మెనూ పట్టీ. గమనిక దాని వెనక దాక్కుంటుంది. తిరిగొచ్చినప్పుడు వాక్యం కూడా అంతే. ఎల్ఐకీ, వ్యాసంలోని లింకుకీ రెండింటికీ స్క్రోల్-మార్జిన్-టాప్ పెట్టాలి, పట్టీ ఎత్తుకంటే కాస్త ఎక్కువ, 5 రెమ్ లాగా. అందరూ ఎల్ఐకి పెట్టి రెండోది మర్చిపోతారు. ఫోకస్ ఉన్న అంశం పూర్తిగా మరుగున పడకూడదని 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూక్యాగ్ 2.2లో (వెబ్ పేజీలు అందరికీ అందేట్టు డబ్ల్యూ3సీ రాసిన నియమాలు) 2.4.11 నియమం ఉంది, డబుల్-ఏ స్థాయి.

రెండు, ఫొటోలు. లేజీ లోడింగ్ పెట్టి విడ్త్, హైట్ ఇవ్వకపోతే అడుగుకి దూకాక పైన ఫొటోలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, పేజీ సాగుతుంది, మీరు చూస్తున్న గమనిక కిందికి జారిపోతుంది. ఉదయగిరి కోట ఫొటోలు పదిహేను పెట్టిన పేజీలో ఇది ఖాయం. ప్రతి ఇమేజ్ ట్యాగ్‌కీ కొలతలు రాయండి, బ్రౌజర్ ముందే జాగా వదులుతుంది.

మూడు, ఎక్కడ దిగామో తెలియకపోవడం. టార్గెట్ అనే సూడో క్లాస్‌తో దిగిన గమనికకి లేత పసుపు నేపథ్యం ఇస్తారు. బాగుంటుంది. కానీ విండోస్‌లో హై కాంట్రాస్ట్ పెట్టుకున్నవాళ్లకి నేపథ్య రంగులు పోతాయి. అందుకని ఎడమ పక్కన 4 పిక్సెళ్ల గీత కూడా గీయండి. గీత మిగులుతుంది. వ్యాసంలోని లింకుకి కూడా టార్గెట్ స్టైల్ కావాలి, తిరిగొచ్చాక కన్ను వెతుక్కోకుండా.

నాలుగు, మెల్లగా జారే స్క్రోల్. పదివేల మాటల వ్యాసంలో అడుగు దాకా పేజీ జర్రున జారుతుంటే కొందరికి కళ్లు తిరుగుతాయి. ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ చూసి, వద్దన్నవాళ్లకి ఆపేయండి. నన్నడిగితే ఫుట్‌నోట్ల పేజీలో అసలు పెట్టొద్దు.

#8 · పెన్నాగట్టు · నెల్లూరు

హ్యూగో ఇచ్చే కోడ్ చూశాను. డాక్-నోట్‌రెఫ్, డాక్-ఎండ్‌నోట్స్, డాక్-బ్యాక్‌లింక్ మూడూ దానంతట అదే పెడుతోంది. శీర్షిక లేదు, "గమనిక" అనే మాట లేదు, బాణానికి పేరు లేదు. ఐడీలు ఎఫ్ఎన్, కోలన్, 1 అని వస్తున్నాయి.

ఒకే గమనికని వ్యాసంలో మూడు చోట్ల చూపించాల్సి వస్తే ఎట్టా?

#9 · ఒంగోలు_కోడ్ · ఒంగోలు

మార్క్‌డౌన్‌లో ఒకే గుర్తుని మూడుసార్లు వాడితే హ్యూగో లోపల ఉన్న గోల్డ్‌మార్క్ మూడు లింకులకీ వేర్వేరు ఐడీలు ఇచ్చి, గమనిక చివర మూడు బాణాలు పెడుతుంది. చేత్తో రాసేటప్పుడు కూడా అదే సూత్రం: అంకె ఒకటే, ఐడీలు వేరు. బాణాల పేర్లు "3వ గమనిక నుంచి, మొదటి చోటికి", "రెండో చోటికి" అని. బాణాల పక్కన కంటికి అ, ఆ, ఇ అని చిన్న అక్షరాలు.

ఐడీలో కోలన్ ఉంటే హెచ్‌టీఎంఎల్‌కి ఇబ్బంది లేదు. సీఎస్ఎస్‌లో ఆ ఐడీని పట్టుకోవాలంటే కోలన్ ముందు బ్యాక్‌స్లాష్ కొట్టాలి, లేకపోతే దాన్ని సూడో క్లాస్ అనుకుంటుంది.

లోపాలు సరిచేయడానికి టెంప్లేట్‌లో వ్యాసం కంటెంట్‌ని రీప్లేస్-ఆర్‌ఈ ఫంక్షన్ గుండా పంపండి. మూడు మార్పులు చాలు: డాక్-ఎండ్‌నోట్స్ ఉన్న డివ్ మొదట్లో హెచ్2 చేర్చడం, నోట్‌రెఫ్ లింకులో అంకె ముందు దాచిన స్పాన్, బ్యాక్‌లింక్‌లో బాణం పక్కన దాచిన మాట. జావాస్క్రిప్ట్‌తో చేయొద్దు, సైటు కట్టేటప్పుడే అయిపోవాలి.

ఇంకో గుంట: సైటు మొదటి పేజీలో వ్యాసాలు మొత్తంగా చూపిస్తున్నారా? అయితే ప్రతి వ్యాసంలోనూ ఎఫ్ఎన్ 1 ఉంటుంది. ఒక పేజీలో ఒకే ఐడీ రెండుసార్లు ఉండకూడదు. ఉంటే బ్రౌజర్ మొదటిదానికే పోతుంది, అంటే అద్దంకి శాసనం వ్యాసంలో 1 నొక్కితే ఉదయగిరి వ్యాసం గమనిక తెరుచుకుంటుంది. చేత్తో రాసిన పాత వ్యాసాల ఐడీలకి వ్యాసం పేరు ముందు తగిలించండి, మొదటి పేజీలో సంక్షిప్తం మాత్రం చూపించండి. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటేనే సుఖం. తెలుగు ఐడీ చెల్లుతుంది, కానీ లింకు కాపీ చేసినప్పుడు యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు, ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. "ఉదయగిరి"లో గుణింతాలతో కలిపి 7 సంకేతాలు, అంటే 63 అక్షరాల తోక.

#10 · సింగరాయకొండ · ప్రకాశం

ఇంత తంతు ఎందుకు? అంకె మీద వేలు పెడితే పక్కనే పెట్టెలో గమనిక కనపడితే సరిపోదా? ఫోన్‌లో చదివేవాడు అడుగుకీ పైకీ పరుగులు పెట్టాలా? అందరూ ఆపిల్ బుక్స్‌లో అట్టాగే చదువుతున్నారు.

#11 · కీబోర్డ్_కందుకూరు · కందుకూరు

పెట్టె చెడ్డది కాదు. పెట్టె మాత్రమే ఉంటే చెడ్డది.

టైటిల్ యాట్రిబ్యూట్‌తో పెట్టే పసుపు చీటీ సంగతి వదిలేయండి, ఫోన్‌లో రాదు, కీబోర్డ్‌తో రాదు. సొంతంగా కట్టిన పెట్టె మౌస్ పెట్టగానే తెరుచుకునే రకమైతే డబ్ల్యూక్యాగ్ 1.4.13 కిందికి వస్తుంది. మూడు షరతులు: మౌస్ కదపకుండానే ఎస్కేప్‌తో మూయగలగాలి, మౌస్‌ని పెట్టె మీదికి తీసుకెళ్తే అది మాయం కాకూడదు, పాఠకుడు మూసేదాకా, లేదా మౌస్ పక్కకి తీసేదాకా ఉండాలి, రెండు సెకన్లకి దానంతట అది పోకూడదు. తెర పెద్దది చేసి చూసేవాళ్లకి పెట్టె సగం బయటే ఉంటుంది, చదవాలంటే మౌస్ దాని మీదికి రావాల్సిందే. రెండో షరతు వాళ్ల కోసం.

నొక్కితే తెరుచుకునే రకం ఇంకా నయం. ఇప్పటి బ్రౌజర్లలో పాపోవర్ యాట్రిబ్యూట్ ఉంది. ఎస్కేప్, బయట నొక్కితే మూసుకోవడం దానంతట అదే చూసుకుంటుంది. స్క్రిప్ట్ లేకుండా నడవాలంటే దీనికి బటన్ కావాలి, లింకు పనికిరాదు.

ఇక్కడ చాలామంది తట్టుకుని పడే రాయి: పీ ట్యాగ్ లోపల డివ్, అసైడ్, డీటెయిల్స్ పెట్టకూడదు. పెడితే బ్రౌజర్ ఆ చోటే పేరాని మూసేస్తుంది, వాక్యం రెండు ముక్కలై మిగతాది కొత్త వరుసలో పడుతుంది. పేరా లోపలే ఉంచాలంటే స్పాన్ వాడాలి, స్పాన్‌లో జాబితాలు, పేరాలు పెట్టలేం. లేదా పెట్టెని పేరా బయట పెట్టాలి.

#12 · ఒంగోలు_కోడ్ · ఒంగోలు

దీనికి నా పద్ధతి: అడుగున జాబితా, వెళ్లే లింకు, వచ్చే లింకు, ఇవి ఎప్పుడూ ఉంటాయి. దాని మీద జావాస్క్రిప్ట్ ఒక పొర. లింకు నొక్కినప్పుడు స్క్రిప్ట్ అడ్డుకుని, గమనికని నకలు తీసి పాపోవర్‌లో చూపిస్తుంది. స్క్రిప్ట్ రాకపోతే మామూలు లింకులా అడుగుకి పోతుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో స్క్రిప్ట్ రాకపోవడం మామూలే.

నకలు తీసేటప్పుడు రెండు తీసేయాలి: లోపలి ఐడీలన్నీ (లేకపోతే డూప్లికేట్లు), వెనక్కి బాణం (పెట్టెలో దానికి అర్థం లేదు). తెరవగానే ఫోకస్ పెట్టెలోకి పోవాలి, మూయగానే అదే అంకె మీదికి రావాలి. పెట్టె ఎత్తు తెరలో 60 శాతం దాటకుండా ఆపి, లోపల స్క్రోల్ ఇవ్వండి. మూసే బటన్‌కి పేరు రాయండి, ఒట్టి గుణకారం గుర్తు కాదు.

ఆపిల్ బుక్స్ సంగతి వేరు. అక్కడ పెట్టె తెరిచేది రీడర్ యాప్, పుస్తకం గుర్తు మాత్రం ఇస్తుంది. బ్రౌజర్‌లో ఆ పని మనమే చేయాలి.

#13 · చెవిచదువరి · కావలి

ఆరియా-డిస్క్రైబ్డ్‌బై పెట్టి లింకుని నేరుగా గమనికకి కట్టమని కొన్ని చోట్ల సలహా కనపడుతుంది. వద్దు. లింకు మీదికి వచ్చిన ప్రతిసారీ గమనిక మొత్తం చదివేస్తుంది, నొక్కకముందే. ఆరు వరుసల గమనిక అయితే వాక్యం మధ్యలో ఆరు వరుసలు. అందులో లింకులూ, భాష మార్పులూ ఏమీ మిగలవు, అంతా ఒకే ముద్ద.

అంకె ఎక్కడ పెట్టాలన్నది కోడ్ కంటే ముఖ్యం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే రీడర్‌తో వేలు జరుపుకుంటూ వింటున్నప్పుడు లింకు దగ్గర వాక్యం తెగుతుంది. "1514లో కృష్ణదేవరాయలు" ఒక ముక్క, "లింక్ గమనిక 5" ఒక ముక్క, "ఉదయగిరి కోటని పట్టుకున్నాడు" ఇంకో ముక్క. అంకెని వాక్యం చివర, చుక్క తర్వాత పెడితే వాక్యం నిండుగా వినపడి ఆ తర్వాత గమనిక వస్తుంది. ఒకే వాక్యంలో మూడు అంకెలుంటే వాటిని ఒక గమనికగా కలిపి, లోపల మూడు వాక్యాలు రాయొచ్చు.

శీర్షికల్లో అంకె పెట్టొద్దు. శీర్షికల మీద దూకుతూ వెళ్లేవాళ్లకి ప్రతిసారీ "గమనిక 1" వినపడుతుంది. పైగా విషయసూచిక తయారుచేసే స్క్రిప్ట్ శీర్షికని నకలు తీస్తే లింకూ ఐడీ కూడా పోయి అక్కడ ఇంకోసారి కూర్చుంటాయి. మొదటి వాక్యం చివరికి జరపండి.

నక్షత్రం, కత్తి గుర్తులు వాడే అలవాటు మానుకోవాలి. కొన్ని రీడర్లు పలకవు.

#14 · గూడూరు_అచ్చు · గూడూరు

లిపి వైపు నుంచి కొన్ని.

సప్ పెట్టిన వరుస మిగతా వరుసలకంటే ఎడంగా కనపడుతుంది, ఎందుకంటే పైకెక్కిన అంకె వరుస ఎత్తుని పెంచుతుంది. సప్‌కి లైన్-హైట్ 0 పెడితే సరిపోతుంది. అంకె సైజు 75 శాతం కంటే తగ్గించొద్దు. ఇంగ్లీషు పేజీల కొలతల్ని మక్కీకి మక్కీ దించితే తెలుగులో దెబ్బతింటాం: పై వరుసలో "శాస్త్రం", "లక్ష్మి" లాంటి మాట ఉంటే దాని ఒత్తు కిందికి దిగి అంకెని తగులుకుంటుంది. పేరాకి లైన్-హైట్ 1.7 నుంచి 1.8 ఉండాలి.

యూనికోడ్‌లో ఉన్న రెడీమేడ్ చిన్న అంకెలు వాడొద్దు. 1, 2, 3 ఒక బ్లాకులో, 4 నుంచి ఇంకో బ్లాకులో ఉన్నాయి. ఫాంటులో రెండోది లేకపోతే 3 ఒక రకంగా, 4 ఇంకో రకంగా కనపడతాయి. సప్ ట్యాగే మేలు.

వేలితో నొక్కడానికి చోటు: 12 పిక్సెళ్ల అంకెని బొటనవేలితో కొట్టడం కుదిరే పని కాదు. డబ్ల్యూక్యాగ్ 2.5.8 ప్రకారం నొక్కే చోటు 24×24 పిక్సెళ్లు ఉండాలి, వాక్యం మధ్యలోని లింకులకి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఉందని వదిలేయొద్దు. ఏ ట్యాగ్‌కి పైనా కిందా 0.6 ఎం, పక్కలకి 0.4 ఎం ప్యాడింగ్ ఇవ్వండి. ఇన్‌లైన్ అంశానికి నిలువు ప్యాడింగ్ వరుస ఎత్తుని పెంచదు, నొక్కే చోటు మాత్రం పెరుగుతుంది. పక్క ప్యాడింగ్ వల్ల వచ్చే ఖాళీని అంతే మైనస్ మార్జిన్‌తో లాగేయండి. రెండు అంకెలు పక్కపక్కనే ఉంటే ఒకదాని చోటు ఇంకోదాని మీదికి వస్తుంది, చెవిచదువరి గారు చెప్పినట్టు కలిపేయడమే దారి.

పట్టికలో గమనికలుంటే వాటిని పేజీ అడుగుకి పంపకండి. పట్టిక కిందే పెట్టండి, అంకెలు కాకుండా అ, ఆ, ఇ వరసతో. పట్టికలో అంకెల పక్కన అంకె అంటే మళ్లీ 19723 గోల.

ప్రింటు కోసం మీడియా ప్రింట్‌లో వెనక్కి బాణాలు దాచేయండి. ప్రతి కాగితం అడుగునా గమనిక రావాలంటే సీఎస్ఎస్‌లో ఫ్లోట్ ఫుట్‌నోట్ అని రాసిపెట్టి ఉంది గానీ బ్రౌజర్లు పట్టించుకోవు, ప్రిన్స్ లాంటి పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ పట్టించుకుంటుంది.

#15 · పెన్నాగట్టు · నెల్లూరు

జాబితా అంకెల్ని నేను సొంతంగా గీసుకుంటున్నా కాబట్టి లిస్ట్-స్టైల్ నన్ పెట్టాను. దాంతో ఏమన్నా తేడా వస్తుందా? గమనికల్లో సగం ఇంగ్లీషు గ్రంథాల పేర్లు, వాటి సంగతి?

#16 · కీబోర్డ్_కందుకూరు · కందుకూరు

వస్తుంది. సఫారీలో లిస్ట్-స్టైల్ నన్ అంటే ఆపిల్ వాళ్ల స్క్రీన్ రీడర్ వాయిస్ఓవర్ దాన్ని జాబితాగా లెక్కపెట్టదు. ఓఎల్‌కి రోల్ లిస్ట్ అని విడిగా రాస్తే తిరిగొస్తుంది. అసలు అంకెల్ని బ్రౌజర్‌కే వదిలేసి, మార్కర్ అనే సూడో ఎలిమెంట్‌తో రంగూ సైజూ మార్చుకుంటే ఆ బాధే ఉండదు.

భాష: పేజీ హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కి లాంగ్ టీఈ. ఇంగ్లీషు గ్రంథం పేరు ఉన్న ముక్కకి స్పాన్ చుట్టి లాంగ్ ఈఎన్. లేకపోతే తెలుగు గొంతు ఇంగ్లీషు పేరుని ముక్కలు చేసి చదువుతుంది, లేదా ఒక్కో అక్షరం పలుకుతుంది. ఫుట్‌నోట్లలోనే ఈ కలగలుపు ఎక్కువ, వ్యాసంలో అంత ఉండదు. కాబట్టి పని అంతా అక్కడే.

#17 · మైపాడు_ఇసుక · నెల్లూరు

మాది వర్డ్‌ప్రెస్. 6.3 నుంచి (2023 ఆగస్టు) ఫుట్‌నోట్ బ్లాక్ లోపలే వచ్చింది, ప్లగిన్ అక్కర్లేదు. ఒక జాగ్రత్త: గమనికల పాఠం వ్యాసంలో ఉండదు, పోస్ట్ మెటాలో విడిగా దాస్తుంది. వ్యాసం ఎడిటర్‌లోంచి కాపీ చేసి ఇంకో సైటులో అతికిస్తే అంకెలు వస్తాయి, గమనికలు రావు. ఎక్స్‌పోర్ట్ చేసి మార్చుకోవాలి.

బ్లాగర్ వాడేవాళ్లు: కంపోజ్ వ్యూలో లింకు పెట్టొద్దు, హెచ్‌టీఎంఎల్ వ్యూలోనే పెట్టండి. ప్రచురించాక లింకు చిరునామా చూడండి. మీ పోస్టు చిరునామా, దాని తర్వాత హ్యాష్, ఐడీ, అంతే ఉండాలి. ఎడిటర్ చిరునామా వచ్చి ఉంటే పాఠకుడికి లాగిన్ పేజీ తెరుచుకుంటుంది.

#18 · సింగరాయకొండ · ప్రకాశం

సరే, లింకూ పెట్టె రెండూ ఉంచుకోండి. నాదొక మాట. పెన్నాగట్టు అన్న వ్యాసం చూశా. "పుట్టి" అనే మాటకి ఫుట్‌నోట్, కిందికి పోతే "850 కిలోలు" అని రెండు మాటలు. దానికోసం పోయి రావాలా? "పుట్టికి, అంటే మన నెల్లూరు లెక్కలో 850 కిలోల వడ్లకి" అని వాక్యంలో రాస్తే పోయె.

#19 · చెవిచదువరి · కావలి

ఈ దారం మొత్తంలో ఎక్కువ మేలు చేసే సలహా ఇదే. పది మాటల్లోపు అయ్యేది ఏదైనా వాక్యంలోకే రావాలి. గ్రంథం పేరు, పేజీ సంఖ్య, శాసన సంఖ్య లాంటి ఆధారాలు గమనికల్లో ఉండొచ్చు, చాలామంది వాటి కోసం ఆగరు. అర్థం కావడానికి అవసరమైనది గమనికలో దాచకూడదు.

జిల్లా సరిహద్దుల సంగతి మాత్రం గమనికలోనే ఉంచండి. అద్దంకి 1970లో ఒంగోలు జిల్లా కింద చేరింది, 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాకి వెళ్లింది. గూడూరు అదే రోజు తిరుపతి జిల్లాకి పోయింది. ఇవి మళ్లీ మారినా వ్యాసం ముట్టుకోకుండా గమనిక ఒక్కటి సరిచేస్తే చాలు. ఒకే గమనికని అన్ని చోట్లా చూపించే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది.

#20 · పెన్నాగట్టు · నెల్లూరు

ఆ లెక్కన చూస్తే ఉదయగిరి వ్యాసంలో 26లో 11 వాక్యాల్లోకి వచ్చేస్తాయి. పరీక్షించేది ఎట్టా? ప్రతి వ్యాసానికీ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లని అడగలేం.

#21 · కీబోర్డ్_కందుకూరు · కందుకూరు

మౌస్ పక్కన పెట్టి ట్యాబ్‌తో మొదలుపెట్టండి. అంకె మీద ఫోకస్ గీత కనపడాలి, ఎంటర్ కొడితే గమనిక, ఇంకోసారి ట్యాబ్ కొడితే ఆ గమనిక లోపలి లింకు లేదా వెనక్కి బాణం రావాలి. పేజీ మొదటి మెనూకి పోతే ఫోకస్ దిగలేదన్నమాట. ఎల్ఐకి ట్యాబ్‌ఇండెక్స్ మైనస్ 1 ఇవ్వండి. రియాక్ట్ లాంటి వాటిలో రౌటర్ హ్యాష్‌ని మింగేస్తుంది, అక్కడ ఫోకస్ మీరే చేత్తో పెట్టాలి.

తర్వాత 1280 పిక్సెళ్ల వెడల్పు కిటికీని 400 శాతానికి పెంచండి, అంటే 320 పిక్సెళ్ల తెర. అడ్డంగా స్క్రోల్ రాకూడదు. గమనికల్లో పొడుగాటి వెబ్ చిరునామాలు ఉంటే ఇక్కడే బయటపడతాయి. ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఎనీవేర్ పెట్టండి.

ఎన్‌వీడీఏ ఉచితం, దించుకుని ఇన్సర్ట్-ఎఫ్7 తెరిచి లింకుల జాబితా ఒక్కటి చూడండి. జాబితా మాత్రమే చదివినా ఏ లింకు ఎక్కడికి పోతుందో తెలియాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాల్యూమ్ బటన్లు రెండూ మూడు సెకన్లు పట్టుకుంటే టాక్‌బ్యాక్ వస్తుంది, ఆ షార్ట్‌కట్ ముందే సెట్టింగుల్లో ఆన్ చేసి ఉంటే. అదే పద్ధతిలో ఆగుతుంది. ఆపడం తెలుసుకున్నాకే మొదలుపెట్టండి, లేకపోతే ఫోన్ మీ మాట వినదు.

డూప్లికేట్ ఐడీలకి డబ్ల్యూ3సీ వాలిడేటర్. ఒక వ్యాసం పేజీ, మొదటి పేజీ రెండూ ఇవ్వండి.

#22 · ఒంగోలు_కోడ్ · ఒంగోలు

పాత వ్యాసాలకి వరుస చెప్పమన్నారు గదా. ముందు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతకండి: అంకె, వెంటనే సప్ ట్యాగ్, లోపల అంకె. అవి ఈరోజే సరిచేయండి, తప్పు సంవత్సరం వినపడేది వాటి దగ్గరే. తర్వాత పాత హెచ్‌టీఎంఎల్‌ని పాన్‌డాక్‌తో (ఫైళ్లని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే సాఫ్ట్‌వేర్) మార్క్‌డౌన్‌కి మార్చండి, కానీ లింకులు లేని ఫుట్‌నోట్లని అది గుర్తుపట్టదు. సప్‌లోని అంకెల్ని చదరపు బ్రాకెట్, టోపీ గుర్తు, అంకె రూపంలోకి స్క్రిప్ట్‌తో మార్చుకోవాలి. గమనికలో రెండో పేరా ఉంటే దాని ముందు నాలుగు ఖాళీలు కొట్టండి, లేకపోతే ఆ పేరా గమనికలోంచి జారి వ్యాసంలో పడుతుంది.

#23 · గూడూరు_అచ్చు · గూడూరు

ఆ స్క్రిప్ట్ నడిపేటప్పుడు చదరపు మీటర్లు, ఘనపుటడుగులు ఉన్న చోట్లు తప్పించండి. సోమశిల వ్యాసంలో ఘాతాంకం 3 కూడా సప్‌లోనే ఉంటుంది, అది పోయి మూడో గమనిక అయి కూర్చుంటుంది.